ములుగు అవ్వ కంట్లో పనస

పరీక్షకు ఒక జబ్బు కావాలి. ఆ జబ్బేమో ఊళ్ళో లేదు. వరంగల్ కంటి దవాఖానలో నా ఉద్యోగపు చివరి సంవత్సరాల్లో, ఏటా పీజీల పరీక్షలు దగ్గరపడగానే మా పెద్ద సారును పట్టుకునే దిగులు ఇది. కొత్తగా నాలాగే ఆప్తాల్మిక్ ఆఫీసర్లుగా చేరుతున్న మీకు ఇదేం దిగులని నవ్వు రావచ్చు. నాకూ నవ్వే వచ్చేది, కానీ ఆయన ముందు నవ్వలేదు.

కంటి డాక్టరు కావాలంటే ఆఖరి పరీక్షలో నిజమైన రోగిని చూడాలి. ఒక్కో పీజీకి ఒక్కో రోగిని ఇస్తారు. జబ్బేమిటో తేల్చి, బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు నిలబడి చెప్పాలి. శుక్లాలకు కొదవ లేదు, మా వరండా నిండా వాళ్ళే. నీటికాసులు కూడా దొరుకుతాయి. దొరకనిదల్లా ట్రకోమా. పెద్ద సారు చదువుకునే కాలంలో ఏ ముసలమ్మ కనురెప్ప తిప్పి చూసినా దాని మచ్చ కనిపించేదట. ఇప్పుడు జిల్లా అంతా తిరిగినా పుస్తకంలో బొమ్మే గతి.

"పోవడం మంచిదే అనుకోండి. కానీ పరీక్షకు ఒక్కటంటే ఒక్కటి మిగిలితే ఎంత బాగుండేది!" అని నిట్టూర్చేవారు.

మా వార్డు సిస్టరమ్మ ఊరుకునే మనిషి కాదు. "పరీక్ష కోసమని ఊరికి రోగం తెప్పిద్దామా సార్?" అని మందుల ట్రే తీసుకుని వెళ్ళిపోయేది.

నా పని ఏమిటంటే అద్దాల నంబర్లు చూడటం, కంటి ఒత్తిడి కొలవడం, శిబిరాలకు జీపులో పోవడం. పరీక్షలొస్తే రోగులను వెతికి తెచ్చి కూర్చోబెట్టడం కూడా. జనానికి నేను 'అద్దాల మేడం'ను. పేరు అడిగినవాళ్ళు తక్కువ.

అవ్వ నాకు దొరికింది అలాంటి శిబిరంలోనే. ములుగు దాటి అడవిలోకి పోయే దారిలో ఒక ఊరి బడిలో బల్లలు జరిపి శిబిరం పెట్టాం. మధ్యాహ్నానికి వరుస సగమైంది. అప్పుడు ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించుకుంటూ ఒక పొట్టి మనిషి వచ్చి నా ముందు కూర్చుంది. మోదుగాకులతో విస్తర్లు కుట్టడం ఆమె పని.

"అద్దాలియ్యి బిడ్డా," అంది. "ఆకుల గుచ్చాల్సిన పుల్ల ఏలుకు గుచ్చుకుంటాంది."

"కండ్లల్ల నీళ్ళు ఎన్నటి సంది కారుతానయ్ అవ్వా?"

"నాకు తెలివొచ్చినప్పటి సంది. నేను ఏడుస్తాన్న అనుకొని పెండ్లినాడు మా అత్త కూడ ఏడ్సింది."

నవ్వుతూనే పై రెప్ప పట్టుకుని వెనక్కి తిప్పాను. నవ్వు ఆగిపోయింది. రెప్ప లోపలి ఎర్రటి పొర మీద అడ్డంగా తెల్లటి గీత ఉంది, సున్నంతో గీసినట్టు. శిక్షణలో పుస్తకంలో చూసిన బొమ్మ అచ్చంగా నా వేలి కింద ఉంది.

ఈ జబ్బు సంగతి మీకు రెండు మాటల్లో చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది దీన్ని చూడకుండానే రిటైరవుతారు, అలాగే కావాలని నా కోరిక. చిన్నపిల్లల కళ్ళకు అంటుకునే రోగమిది. ఈగలు మోసుకొస్తాయి. అమ్మ ఒకే కొంగుతో అందరి ముఖాలూ తుడుస్తుంది కనుక ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు పోతుంది. ఒకసారి వచ్చి పోతే ఏమీ కాదు. మళ్ళీ మళ్ళీ ఏళ్ళ తరబడి వస్తే రెప్ప లోపల రవ్వలా కురుపులు లేచి, మానిన చోట మచ్చ కడుతుంది. మచ్చ ముడుచుకుపోతూ రెప్ప అంచును లోపలికి లాగుతుంది. అప్పుడు వెంట్రుకలు బయటికి చూడాల్సింది పోయి లోపలికి తిరిగి, రెప్ప కొట్టిన ప్రతిసారీ కంటిని గీస్తాయి. గీసేది దేన్ని? కార్నియాను. నల్లగుడ్డు మీద గడియారానికి అద్దంలా ఉండే పొర అది. అది తేటగా ఉంటేనే మనకు చూపు.

అవ్వ కార్నియా తేటగా లేదు. టార్చి వేసి భూతద్దం పెట్టాను. పై అంచు నుంచి సన్నని రక్తనాళాలు దిగి వచ్చాయి. వాటితో పాటు బూడిద రంగు పొర ఒకటి, తెర దించినట్టు, కంటిపాప దాకా వచ్చి ఆగింది. దాన్ని ప్యానస్ అంటారు. ఆ మాటకు ఏదో పాత భాషలో గుడ్డముక్క అని అర్థమట. మా అత్తగారిది నేతపని ఇల్లు, తివాచీలు నేస్తారు, అందుకని ఆ అర్థం ఒక్కసారి విన్నా మరిచిపోలేదు. ఆ పొర పైన, నలుపూ తెలుపూ కలిసే అంచులో, వరుసగా చిన్న చిన్న గుంటలున్నాయి. ఎప్పుడో కురుపులు లేచి మానిపోయిన చోట్లవి. మరే జబ్బులోనూ అలాంటి గుంటలు రావని పుస్తకాలు చెబుతాయి.

"సార్, ఒక్కసారి ఇటు రండి," అని నేను పిలిచిన పిలుపుకు శిబిరం డాక్టరుతో పాటు ముగ్గురు నలుగురు పీజీలు కూడా వరుసను వదిలేసి వచ్చి అవ్వ చుట్టూ మూగారు. ఒకరి తరువాత ఒకరు వంగి చూశారు. ఒకమ్మాయి ఆనందం పట్టలేక, "ప్యానస్! ఎంత బాగుందో!" అంది.

అవ్వ మొదట బెదిరింది. తరువాత తమాషా అనిపించినట్టుంది. "ఏందే, నా కంట్ల బంగారం బయటపడ్డదా?" అని నన్నడిగి, నా జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగి, వరుసలో ఉన్నవాళ్ళకు చెప్పింది. "ఇన్నరా, నా కంట్ల పనస కాసిందంట!"

బడి అంతా ఘొల్లున నవ్వింది. ఆ రోజు నుంచి మా దవాఖానలో ఆమె పనస అవ్వ అయింది.

ఆ ఏడు పరీక్షకు ఆమెను తీసుకొచ్చాం. మా పెద్ద సారు ఆమెను చూసి కొత్త అల్లుడిని చూసినట్టు మురిసిపోయారు. మంచి కుర్చీ వేశారు. భోజనం పెట్టించారు. పోయేటప్పుడు సిస్టరమ్మ ఒక చీర చేతిలో పెట్టింది. అవ్వకు నచ్చింది ఇవేవీ కావు. పొద్దంతా తెల్లకోట్ల పిల్లలు ఆమె ముందు కూర్చుని, "నొప్పి ఎప్పటి నుంచి? చిన్నప్పుడు ఎలా ఉండేది? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగి, చెప్పిన ప్రతి మాటా రాసుకున్నారు. అది నచ్చింది. మరుసటి ఏడు నేను కబురు పెట్టకముందే, పరీక్షలెప్పుడని ఆమే ఊరి ఆశా కార్యకర్తతో ఫోన్ చేయించింది.

అలా ఏటేటా వచ్చింది. వచ్చిన కొద్దీ ఆమెకు పరీక్ష మీద పట్టు పెరిగింది. ఎవరు ఏం అడుగుతారో, పెద్దవాళ్ళు ఏం వింటే తల ఊపుతారో కనిపెట్టింది. బెదిరిపోయి కూర్చున్న పీజీ కనిపిస్తే జాలిపడి, "ముందుగాల రెప్ప తిప్పు కొడుకా, తెల్లగీత కనబడ్తది. అటెనుక పనస సూడు," అని గుసగుసగా చెప్పేది. పాపం ఒకబ్బాయి ఆ మాటలే చెవిలో మోగుతుండగా పరీక్షకుడి ముందు నిలబడి, "సర్, కార్నియా పైభాగంలో పనస ఉంది సర్," అన్నాడు. పరీక్షకుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "తొనలు ఎన్ని ఉన్నాయి నాయనా?" అని అడిగాడు. ఆ అబ్బాయి ఇప్పుడు మంచి పేరున్న డాక్టరు, అందుకే ఎక్కడో చెప్పను.

ఇంత సరదాలో ఒకటే ముల్లు. అవ్వ ఆపరేషన్ చేయించుకోదు.

లోపలికి తిరిగిన వెంట్రుకలను పట్టకారుతో పీకేవాళ్ళం. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. మళ్ళీ మొలుస్తాయి, ఈసారి పొట్టిగా, ముల్లులా. గుచ్చుకునేది ఇంకా ఎక్కువ. రెప్ప అంచును కోసి బయటికి తిప్పి కుడితే పీడ పోతుంది. పెద్ద ఆపరేషన్ కాదు, మత్తు సూది రెప్పకే. ఎన్నిసార్లు చెప్పామో. ఒకసారి ఇప్పపువ్వు ఏరే కాలమంది. ఒకసారి తునికాకు కోత అంది. ఒకసారి మనుమరాలి పెళ్ళి. పెద్ద సారు చెప్పారు, సిస్టరమ్మ కోప్పడింది, నేను బతిమాలాను. "వద్దన్ననా? చేయించుకుంట తియ్యి," అని నవ్వి జీపెక్కేది.

నేను ఆమెకు చెప్పే మాట ఒకటే. "ఆపరేషన్ చేస్తే మంచిగైతది అవ్వా. కన్ను సక్కగైతది." చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. రెప్పను బాగుచేయగలం గానీ, కార్నియా మీద అప్పటికే పడిన మచ్చ, ఆ గుంటలు, ఆ పొర, అవి పోవు. కన్ను కాస్త తేలికవుతుంది, ఉన్న చూపు నిలుస్తుంది, అంతే. ఇది చెబితే "ఇంతదానికి కోత ఎందుకు" అంటుందేమోనని భయం. రోగిని ఒప్పించేటప్పుడు మనమంతా లాభాన్ని ముందు పెట్టి నష్టాన్ని వెనక పెడతాం కదా.

నేను రిటైరయ్యే ముందు పరీక్షలప్పటి సంగతి ఇక చెబుతాను. పొద్దున్నే పరీక్ష. అడవి నుంచి పొద్దుటి బస్సు అందదని అవ్వను ముందురోజు సాయంత్రమే మా ఇంటికి తెచ్చుకున్నాను. మా అత్తమ్మకు తోడు దొరికింది. ఆమె మగ్గం దగ్గర కూర్చుని దారపు చిక్కులు తీస్తుంటే అవ్వ పక్కన పీట వేసుకుంది. మాటిమాటికీ కుడి కన్ను ఒత్తుకుంటోంది. టార్చి తెస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"బస్సుల దుమ్ము తగిలింది తియ్యి. పొద్దుగాలకు తక్కువైతది."

నేను వంటింట్లోకి పోయాను. మా అత్తమ్మ చుట్టూ తిప్పి మాట్లాడదు. ఆమె గొంతు నాకు స్పష్టంగా వినబడింది.

"మా కోడలు గింత బతిమాలుతాంది. ఆపరేషన్ ఎందుకు చేయించుకోవు వదినా?"

"నీకు చెప్తాన్న, నీ కోడలికి చెప్పకు," అంది అవ్వ. "ఇంట్ల కొడుకు మంచోడే, కోడలు మంచిదే. బువ్వ పెడ్తరు. కని నేనేమన్న అంటే ఇనేటోళ్ళు లేరు. టీవీ మోగుతాంటది. ఈడికొస్తే అంతమంది డాక్టర్లు నా నోట్లెకెల్లి మాట ఎప్పుడు వస్తదా అని సూస్తరు. నా కండ్లు సక్కగైనయనుకో, నన్నెవరు పిలుస్తరు?"

గరిటె కింద పెట్టేశాను. కోత అంటే భయం కాబోలు, చూసుకునేవాళ్ళు లేరు కాబోలు అని ఎన్నేళ్ళు ఏమేమో అనుకున్నాం! ఆమె వద్దనుకుంటున్నది మేము ఇస్తామంటున్న ఆ బాగునే. బయటికి వచ్చి, విన్నానని దాచకుండా, "అవ్వా, ఆపరేషన్ అయినంక కూడ పిలుస్తం. నా మీద ఒట్టు," అన్నాను.

అవ్వ నా వైపు ప్రేమగానే చూసింది. "అంటవు బిడ్డా. మంచి మనసు నీది. రిటైరయితానవంటివి కద, అటెనుక పిలిచేదెవరు?" అంది.

పొద్దున పరీక్షలో అవ్వ ఎవరి వంతుకు వచ్చిందో విని సిస్టరమ్మ నుదురు కొట్టుకుంది. హనుమకొండలో బట్టల దుకాణం నడిపే ఇంటి అబ్బాయి. ముందటేడు ఒకసారి తప్పాడు. తెలియక కాదు, ఆపక. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి, అడగనివాటికి కూడా చెప్పి, గంట కొట్టినా చెబుతూనే ఉన్నాడట. "ఒక్క రుమాలు అడిగితే పది చీరెలు పరిచే రకం," అనేది సిస్టరమ్మ. మనిషి మాత్రం చాలా మంచివాడు. చిన్నప్పుడు సెలవుల్లో గద్దె మీద తండ్రి పక్కన కూర్చుని వచ్చినవాళ్ళకు చీరలు విప్పి చూపించిన అలవాటు కాబోలు, ఏ రోగినైనా పలకరించకుండా దాటిపోలేడు.

పరీక్ష గదిలో నాకు ఇచ్చిన పని అతని పక్కన నిలబడి అడిగినది అందించడం. నోరు తెరవకూడదు. అది కచ్చితమైన నియమం.

అవ్వ వాడిపోయి కూర్చుంది. కుడి కన్ను ఎర్రగా ఉంది. అయినా అలవాటు మానలేదు. "ముందుగాల రెప్ప తిప్పు కొడుకా..."

"తిప్పుత అవ్వా. కని ఈ కన్ను గింత ఎర్రగెందుకున్నది?"

"అదేం లేదు. నువ్వు పనస సూడు."

అతను చూడలేదు. నా వైపు చెయ్యి చాపి రంగు కాగితం అడిగాడు. అది పసుపు రంగు అద్దిన సన్నని కాగితపు ముక్క. కంటికి తాకిస్తే రంగు నీళ్ళలో కరుగుతుంది. కార్నియా మీద ఎక్కడైనా పుండు ఉంటే అక్కడ పట్టుకుని, నీలి వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది. కంటిని పెద్దది చేసి చూపే స్లిట్ ల్యాంప్ ముందు అవ్వ గడ్డం ఆనించి నీలి వెలుగు వేశాడు. ఆ యంత్రానికి తెర ఒకటి తగిలించి ఉంది, పరీక్షకులు దూరం నుంచి చూడటానికి. ఆ తెర మీద నాకూ కనిపించింది. పాత పొర అంచునే, బియ్యపుగింజంత ఆకుపచ్చ మెరుపు. కొత్త పుండు. వెంట్రుక గీసీ గీసీ తోలు లేచిపోయింది.

అవ్వ వెళ్ళేది అడవి ఊరికి. అందులో చీము పట్టిందంటే ఆ కన్ను ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

అతను వెనక్కి వాలి కూర్చున్నాడు. గోడ గడియారం చూశాడు. రాయాల్సిన కాగితం ఇంకా ఖాళీగానే ఉంది. రెండోసారి కూడా తప్పితే ఇంట్లో ఏమంటారో, ఆ ముఖం మీద చదువుకోవచ్చు. తరువాత కలం మూత పెట్టేశాడు.

"అవ్వా, పరీక్ష సంగతి పక్కకు పెడదాం. నీ కన్ను పోయెటట్టున్నది. ఇయ్యాలనే దవాఖానల ఉండాలె. పుండు మానినంక రెప్ప ఆపరేషన్ చేయించుకోవాలె."

"నీకు పాస్ గావాల్నా వద్దా?" అవ్వ గొంతు పెంచింది. "టైమైపోతాంది. రాస్కో ముందు!"

"రాస్కోను. నువ్వు ఒప్పుకునేదాక రాస్కోను."

"ఒప్పుకోను పో."

"ఎందుకు ఒప్పుకోవో అదన్న చెప్పు."

నాకు తెలుసు, చెప్పడానికి వీల్లేదు. ఆ అబ్బాయి కదలలేదు. గిరాకీ నోరు తెరిచేదాకా చీర మడతపెట్టనివాడిలా ఓపికగా చూస్తున్నాడు. చివరికి అవ్వే మెల్లగా అంది. "మంచిగైతే నేను మీకు ఎందుకు పనికొస్త?"

అతను ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక పకపకా నవ్వాడు. "దీనికా! ఓ అవ్వా, నీకు ఎవరన్న చెప్పలేదా? ఆపరేషన్ రెప్పకు. గుడ్డు మీదున్నది యాడికి పోదు. ఎంత పెద్ద డాక్టరొచ్చినా తియ్యలేడు. చీరె అంచు ఊడితే కుట్టిస్తం. నేతల ఉన్న పువ్వు పోతదా?"

"అబద్ధం."

"నీ కండ్లతోని నువ్వే సూడు మరి."

నీలి వెలుగు తీసి మామూలు వెలుగు వేసి, యంత్రాన్ని ఆమె కన్ను మీదికి తెచ్చాడు. తెర మీద అవ్వ కన్ను పళ్ళెమంత కనిపించింది. కానీ ఆమె యంత్రం నుంచి తల తీస్తే బొమ్మ పోతుంది. బొమ్మను నిలిపే మీట ఎక్కడుందో కంగారులో అతనికి దొరకలేదు. పరీక్షలో సిబ్బంది నోరు తెరవకూడదన్నారు. చేతుల గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేను వంగి మీట నొక్కి, తెరను అవ్వ వైపు తిప్పాను.

అవ్వ తెరకు ముఖం దగ్గరగా పెట్టింది. ఎడమ కంటితో చాలాసేపు చూసింది.

"ఇది నాదేనా?"

"నీదే. గీ ఎర్ర పోగులు సూడు, ఎట్ల దిగినయో. గీడ వరుసగ గుంటలు. ఇవి లోకంల ఇంకే రోగానికి రావు. రెప్ప సక్కగైనంక ఇంకింత మంచిగ కనబడ్తయి. కన్ను ఎర్రగుంటె ఇవి సరిగ కనబడనే కనబడవు."

అవ్వ తెర మీద వేలు పెట్టి ఆ గుంటల వెంబడి మెల్లగా జరిపింది. "ఇన్నేండ్ల సంది వచ్చినోడల్ల నా కన్నే సూడవట్టె," అంది. "నాకు సూపెట్టినోడు ఒక్కడు లేడు గదరా."

మేము బతిమాలినప్పుడల్లా దాచుకుంటూ వచ్చిన చెడ్డ మాటే ఆమెకు కావాల్సిన మంచి మాట అయింది. నాకు ఎన్నడూ తోచలేదు. నష్టాన్ని వెనక పెట్టి చెప్పడం అలవాటైనవాళ్ళకు అది ఎవరికైనా లాభంగా కనబడవచ్చని తోచదు.

ఆమె "సరే తియ్యి" అనడమూ, గంట కొట్టడమూ ఒకేసారి జరిగాయి. బయటి ఊరి పరీక్షకుడు లోపలికి వచ్చారు. గట్టి మనిషి, నవ్వు చాలా పొదుపు. ఆయన వెనక మా పెద్ద సారు. ఖాళీ కాగితం చూసి పెద్ద సారు ముఖం పాలిపోయింది.

అబ్బాయి లేచి నిలబడి, కాగితం లేకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నప్పటి ఇన్ఫెక్షన్, రెప్ప లోపలి మచ్చ, లోపలికి తిరిగిన వెంట్రుకలు, కార్నియా మీద పాత పొర, గుంటలు, వాటి అంచున కొత్త పుండు. ఆశ్చర్యమేమిటంటే తక్కువే మాట్లాడాడు. ఉన్న మాటలన్నీ అవ్వ మీద ఖర్చయిపోయినట్టున్నాయి.

"చికిత్స?" అడిగారు పరీక్షకుడు.

"పుండుకు మందు ఇప్పుడే మొదలుపెట్టాలి సర్. అది మానగానే రెప్పకు ఆపరేషన్. ఆమె ఒప్పుకున్నారు."

మా పెద్ద సారు ఉలిక్కిపడి, "ఈవిడా? ఒప్పుకున్నదా?" అన్నారు.

అప్పుడు అవ్వ కలగజేసుకుంది. పరీక్షలో రోగి నోరు తెరవకూడదన్న నియమం ఉందో లేదో నాకు తెలియదు, ఉన్నా ఆమె లెక్కపెట్టేది కాదు. "ఒప్పుకున్న సారూ. కని ఒక్క మాట. ఈ పిలగాన్ని పాస్ చెయ్యున్రి. లేకుంటే నా రెప్ప ముట్టనియ్య."

నేను గోడవైపు చూశాను. అబ్బాయి ముఖం కందగడ్డలా అయింది. పరీక్షకుడు అవ్వను, ఖాళీ కాగితాన్ని, తెర మీద ఇంకా నిలిచి ఉన్న బొమ్మను చూశారు. తరువాత కుర్చీ లాక్కుని అవ్వ ఎదురుగా కూర్చున్నారు.

"అమ్మా, పరీక్ష నాకు పెడుతున్నావా?"

"ఏం, నీకు పరీక్ష వద్దా?" అంది అవ్వ.

ఆయన నవ్వారు. పొదుపు చేసినదంతా ఒక్కసారే ఖర్చు పెట్టినట్టు నవ్వారు. "నీ ఆపరేషన్ నీ కోసం చేయించుకో. అతని మార్కులు అతనే తెచ్చుకుంటాడు," అని అబ్బాయి వైపు తిరిగి, "ఎడమ కన్ను సంగతేమిటి?" అని అడిగారు.

అబ్బాయి నోరు తెరిచి మూశాడు. హడావిడిలో ఎడమ కన్ను చూడటమే మరిచిపోయాడు.

"చూడలేదు సర్."

"నిజం చెప్పావు. ఇప్పుడు చూడు. నేను కూర్చుంటాను."

వారం తిరగకుండా తెలిసింది, పాసయ్యాడని. ఎడమ కన్ను మరిచినందుకు మార్కులు తగ్గాయట, ఏదో అత్తెసరుగా గట్టెక్కాడు. వాళ్ళ నాన్న మిఠాయి డబ్బాలతో దవాఖానకు వచ్చి, కొడుకును గట్టెక్కించిన ఆ అవ్వ ఎవరో చూపించమని పట్టుబట్టాడు. అప్పటికి ఆమె వార్డులో ఉండి పక్క మంచాలవాళ్ళకు చుక్కల మందు ఎట్లా వేసుకోవాలో నేర్పుతోంది. పుండు మానింది. ఆపరేషన్ పెద్ద సారే చేశారు, ఆ అబ్బాయి పక్కన నిలబడి చెయ్యి అందించాడు. బల్ల మీద కూడా అవ్వ నోరు ఊరుకోలేదు. "కుట్లు సన్నగ వెయ్యిన్రి సారూ, మల్ల పరీక్షకు రావాలె," అందట.

మరుసటి ఏడు నేను ఉద్యోగంలో లేను, కానీ ఆమెను పిలిచారు. నేను చూడటానికి వెళ్ళాను. రెప్పలు చక్కగా ఉన్నాయి, వెంట్రుకలు బయటికే ఉన్నాయి, ఎరుపు పోయి కన్ను తెల్లగా ఉంది. కార్నియా మీద ఆ పొర, ఆ గుంటలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. జబ్బుకు దారి చూపే లోపలి వెంట్రుకలు లేక పీజీ తల గోక్కుంటున్నాడు. అవ్వ ఈసారి సాయం చేయలేదు. "ఇప్పుడు నాది కష్టమైన ప్రశ్నంట," అని నాతో గర్వంగా చెప్పింది.

ఇదంతా చెప్పి అసలు నేను ఎక్కువసార్లు తలచుకునే సంగతి చెప్పకుండా ముగించలేను. కుట్లు తీసిన మరునాడు ఆమెను ఊరికి దింపడానికి జీపులో నేనే వెళ్ళాను. నా ఉద్యోగంలో అదే ఆఖరి ప్రయాణం. పరకాల దారి వదిలి ములుగు రోడ్డెక్కగానే అవ్వ బండి ఆపించింది. వెనక సీటు వద్దని, దిగి వచ్చి, డ్రైవరు పక్కన తలుపు లేని వైపు కూర్చుంది. దవాఖానలో ఇచ్చిన నల్లద్దాలు నేను తీసి ఆమె చేతిలో పెట్టాను.

"గాలి తగులుతది, పెట్టుకో అవ్వా."

"ఇయ్యాల ఒక్కదినం ఊకో బిడ్డా," అంది.

బండి కదిలింది. గాలి సూటిగా ఆమె ముఖానికి కొట్టింది. జుట్టు లేచింది. ఆమె రెప్ప కొట్టింది, మళ్ళీ కొట్టింది, ఏదో గుచ్చుకుంటుందని ఎదురుచూసినట్టు ఆగింది. ఏమీ గుచ్చుకోలేదు. రెండు కళ్ళూ పెద్దవి చేసి, రోడ్డుకు ఎదురుగా అలాగే తెరిచి పెట్టుకుంది. తరువాత డ్రైవరు భుజం మీద తట్టింది.

"ఏం పోతానవ్ కొడుకా గింత నిమ్మలంగ? జర జోరుగ పోనియ్యి."